మా నాయన గోడ, ఐదేళ్ళ వానలు, ఎకనామెట్రిక్స్ పేపరు

(చదువు సందేహాలు శీర్షిక. జవాబులు: ఒక విశ్రాంత ఎకనామిక్స్ లెక్చరర్, అనంతపురం)

ప్రశ్న: సార్, నమస్తే. మాది తాడిపత్రి. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో అకౌంట్లు రాస్తాను. వయసు 34. పెళ్ళితో ఆగిపోయిన డిగ్రీని దూరవిద్యలో మళ్ళీ పట్టుకున్నాను. మిగతా పేపర్లన్నీ గట్టెక్కాయి, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక విషయాలను గణాంకాలతో కొలిచే పేపరు) ఒక్కటే రెండుసార్లు పోయింది. మెటీరియల్ మూడుసార్లు చదివాను. ప్రతి సమీకరణం చివరా ‘యూ’ అని ఒక అక్షరం తగిలిస్తారు, అదేమిటో ఇప్పటికీ తెలియదు. ఆదివారం క్లాసుకు పోతే సారు రాలేదనో, ఈ పేపరుకు నలుగురే ఉన్నారనో తిప్పి పంపేస్తున్నారు. ఇంటర్లో నాది సీఈసీ. లెక్కలు వదిలేసి పదిహేనేళ్ళు దాటింది. డిసెంబరులో మళ్ళీ పరీక్ష ఉంది, తలుచుకుంటేనే టెన్షన్. ఫార్ములాలు బట్టీ పట్టమంటారా, లేక ఇది వదిలేసి వేరే పేపరు తీసుకోమంటారా?

జవాబు: బట్టీ వద్దమ్మా, పేపరు మార్చుకోవడమూ వద్దు. ముందు నా సంగతి వినండి. నేనూ ఎం.ఏ. కరస్పాండెన్స్‌లోనే కట్టాను. పగలు ఒక సహకార సంఘంలో గుమాస్తా పని, రాత్రి చదువు. మెటీరియల్ పార్శిల్ పరీక్షలు అయిపోయిన పదకొండో రోజు వచ్చింది. ఆ ఏడు ఈ పేపరులో నా మార్కులు 19. ‘ఎర్రర్ టర్మ్ అనగానేమి’ అని అడిగితే, ‘లెక్క కట్టినవాడు చేసిన తప్పు’ అని రాసి వచ్చాను. సంఘంలో పుస్తకానికీ పెట్టెకూ తేడా వస్తే అలాగే అనేవాళ్ళు మరి.

అది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. సెలవుకు ఊరికి పోయినప్పుడు మా ఇంటి వసారాలో అర్థమైంది. మా నాయనకు సంతకం తప్ప రాయడం రాదు. కానీ ప్రతి ఏడాదీ గోడ మీద బొగ్గుతో రెండు వరుసల గీతలు గీసేవాడు. విత్తనం పడినప్పటి నుంచి కాయ పీకేదాకా మంచి పదును వాన ఎన్నిసార్లు పడితే పై వరుసలో అన్ని గీతలు. తుంపర్లకు గీత లేదు, మడక దిగేంత తడి కావాలి. ఎకరానికి ఎన్ని మూటల శెనక్కాయలైతే కింది వరుసలో అన్ని గీతలు. పండగకు సున్నం కొట్టేటప్పుడు ఆ జానెడు జాగా వదిలేయమని మా అమ్మ కూలివాళ్ళకు ముందే చెప్పేది.

ఆ గోడ మీది ఐదేళ్ళు మీకిస్తున్నాను. 4 వానలు, 9 మూటలు. 5 వానలు, 10 మూటలు. 6 వానలు, 14 మూటలు. 7 వానలు, 15 మూటలు. 8 వానలు, 17 మూటలు.

మీరు రోజూ పద్దులు రాసే మనిషి కాబట్టి లెడ్జర్ పేజీ ఒకటి తీసుకుని ఆరు గళ్ళు గీయండి. మొదటి గడిలో వానలు, రెండో గడిలో మూటలు. వానల సగటు 6, మూటల సగటు 13. మూడో గడిలో ప్రతి ఏటి వానల్లోంచి 6 తీసేయండి: మైనస్ 2, మైనస్ 1, 0, 1, 2. నాలుగో గడిలో మూటల్లోంచి 13 తీసేయండి: మైనస్ 4, మైనస్ 3, 1, 2, 4. ఐదో గడిలో ఆ రెంటినీ గుణించండి: 8, 3, 0, 2, 8. మొత్తం 21. ఆరో గడిలో మూడో గడి వర్గాలు: 4, 1, 0, 1, 4. మొత్తం 10. ఇప్పుడు 21ని 10తో భాగిస్తే 2.1 వస్తుంది. మీ మెటీరియల్లో టోపీ పెట్టుకుని భయపెట్టే బీటా ఇదే. మంచి వాన ఒకటి ఎక్కువ పడిన ఏడు ఎకరానికి సగటున రెండు మూటల పైచిలుకు ఎక్కువ పండిందని దానర్థం. 13లోంచి, 2.1ని 6తో గుణించగా వచ్చిన 12.6 తీసేస్తే 0.4 మిగులుతుంది. అది ఆల్ఫా. వానలను 2.1తో గుణించి 0.4 కలిపితే ఆ ఏడు రావలసిన మూటలు వస్తాయి. గ్రాఫు మీద వేస్తే ఇది ఒక తిన్నని గీత.

లెక్క ఇంతే. దీనికి రిగ్రెషన్ అని పేరు పడడానికి కారణం గాల్టన్ అనే ఇంగ్లండు ఆయన. మరీ పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగే అయినా సగటు వైపు కాస్త వెనక్కి జరుగుతారని 1886లో రాశాడు. ఆ వెనక్కి జరగడమే రిగ్రెషన్. మన శెనక్కాయలకు దాంతో ఏ సంబంధమూ లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది. తెలుగులో ప్రతిగమనం అన్నా అర్థం పెద్దగా తెలిసేదేమీ లేదు, రిగ్రెషన్ అనే అనుకోండి.

ఆల్ఫా దగ్గర ఒక్క మాట. అసలు వానే పడకపోతే 0.4 మూట పండుతుందని పరీక్షలో రాయకండి. నాలుగు వానల కన్నా తక్కువ పడిన ఏడు మన పట్టీలో లేనే లేదు, అక్కడి సంగతి ఈ గీత చెప్పలేదు. అదే మీ ఫ్యాక్టరీ కరెంటు బిల్లుకూ, పాలిష్ చేసిన చదరపు అడుగులకూ ఇలాగే గీత గీస్తే ఆల్ఫాకు చక్కటి అర్థం ఉంటుంది. మిషన్ ఒక్క బండ కూడా ముట్టని నెలలోనూ వచ్చే బిల్లు అది. ఒకే అక్షరం ఒకచోట మాట్లాడుతుంది, ఇంకోచోట నోరు మూసుకుంటుంది. ఏ చోట ఏదో చెప్పగలిగితే మీకు సబ్జెక్టు వచ్చినట్టే.

ఇక మీ ‘యూ’. గీత ప్రకారం ఏ ఏడు ఎన్ని మూటలు రావాలో కట్టండి: 8.8, 10.9, 13, 15.1, 17.2. వచ్చినదాంట్లోంచి ఇవి తీసేస్తే 0.2, మైనస్ 0.9, 1, మైనస్ 0.1, మైనస్ 0.2. కూడితే సున్నా రావాలి, రాకపోతే ఎక్కడో పొరబడ్డారు. (మీలాంటి అకౌంటెంట్‌కు ఇది మంచి ట్యాలీ.) ఐదు వానల ఏడు దాదాపు ఒక మూట తగ్గింది. ఎందుకని మా నాయనను అడిగాను. ‘ఊడలు దిగే వేళ ఇరవై రోజులు ఎండబెట్టింది కదరా’ అన్నాడు. ఆరు వానల ఏడు ఒక మూట ఎక్కువ వచ్చింది. ‘ఆ ఏడు చేన్లో గొర్రెల మంద కట్టించినా’ అన్నాడు. ఎండబెట్టడం, మంద ఎరువు, పురుగు, విత్తనం నాణ్యత, ఆయన ఒంట్లో బాగాలేక కలుపు ఆలస్యం కావడం. గోడ మీద గీత లేనివన్నీ ‘యూ’లో ఉంటాయి. అది ఎవరి తప్పూ కాదు. పుస్తకం ప్రకారమైతే, ఇలా మిగిలిన తేడాలను రెసిడ్యువల్స్ అంటారు. అసలు ‘యూ’ మనకెప్పుడూ కనబడదు, దాని నీడే ఈ రెసిడ్యువల్. ఈ తేడా అడిగే ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు మెలిక. ముంగారు వానలు ముందే దిగి, ఈ ఏడు కాలం బాగుంటుందని తోచినప్పుడే మా నాయన మంద కట్టించేవాడనుకోండి. అప్పుడు వానలు ఎక్కువైన ఏడే మంద ఎరువు కూడా పడుతుంది. మన 2.1లో వాన వాటా ఎంత, గొర్రెల వాటా ఎంత? గొర్రెలు చేసిన మేలంతా వాన ఖాతాలో జమ అయిపోతుంది. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడడం మీకు తెలియని సంగతి కాదు. దీన్నే ఆమిటెడ్ వేరియబుల్ బయాస్ అంటారు. ‘ఎక్స్‌కూ యూకూ సంబంధం ఉండకూడదు’ అని మెటీరియల్లో ఒక్క లైనులో రాసి వదిలేసిన షరతు ఇదే, ఎక్స్ అంటే ఇక్కడ వానలు. నన్నడిగితే పేపరంతా ఆ ఒక్క లైను మీదే నిలబడింది. మిగతాది కూడికలూ తీసివేతలే.

షరతుల్లో పలకలేని పేర్లు ఇంకో మూడున్నాయి. వానల్లేని ఏడు ఊరందరిదీ ఒకే గతి, ఎవరికీ పెద్దగా పండదు. వానలు బాగా పడిన ఏడు ఒకడికి ఇరవై మూటలు, పక్కవాడికి పది. చెదరడం అన్నిచోట్లా ఒకేలా లేదు కదా, అది హెటరోస్కెడాస్టిసిటీ. ఒక ఏడు మునిగినవాడు మరుసటి ఏడు అప్పు పుట్టక మందులు కొట్టలేడు, ఈ ఏటి దెబ్బ వచ్చే ఏటికీ తగులుతుంది. అది ఆటోకోరిలేషన్. వానల లెక్కతో పాటు మిల్లీమీటర్ల వర్షపాతం కూడా సమీకరణంలో పెట్టారనుకోండి, ఒకే కాడికి కట్టిన రెండెద్దుల్లో బండిని ఏది లాగిందో చెప్పమన్నట్టు ఉంటుంది. అది మల్టీకోలినియారిటీ. పరీక్షలో నిర్వచనం ఇంగ్లీషులో రాసి, కింద ఇలాంటి ఉదాహరణ మీ మాటల్లో రాయండి. నలభై ఒకేరకం బట్టీ జవాబులు దిద్దిన చేతికి అలాంటి జవాబు కనబడితే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు.

టీ పరీక్ష కూడా (ఈ 2.1 ఏదో అదృష్టంకొద్దీ వచ్చిందా, నిజంగా సంబంధం ఉందా అని చూసేది) ఈ ఐదేళ్ళ మీదే అయిపోతుంది. రెసిడ్యువల్స్ వర్గాలు కూడితే 1.9. దాన్ని 3తో భాగించాలి. ఐదు అంకెల్లో రెండు, ఆల్ఫా బీటాలను కట్టడానికే ఖర్చయిపోయాయి, చేతిలో మిగిలింది మూడు. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే అదే. 0.633 వస్తుంది. దాన్ని ఆరో గడి మొత్తం 10తో భాగించి వర్గమూలం తీస్తే 0.25. ఇది స్టాండర్డ్ ఎర్రర్, అంటే మన బీటా అంచనా ఎంత అటూ ఇటూ ఊగవచ్చో చెప్పే కొలత. 2.1ని దీంతో భాగిస్తే సుమారు 8.3. మూడు డిగ్రీలకు, 5 శాతం దగ్గర పట్టికలో ఉన్నది 3.182. మనది దాటింది కాబట్టి వానకూ పంటకూ సంబంధం లేదన్న శూన్య పరికల్పనను తోసిపుచ్చవచ్చు. ఆర్ స్క్వేర్, అంటే మూటల హెచ్చుతగ్గుల్లో వానలతో వివరించగలిగిన వాటా, 0.96. ఈ టీ పట్టిక కనిపెట్టిన గాసెట్ డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ మీద చేసే ప్రయోగాల్లో నాలుగైదు అంకెలకు మించి దొరకవు, అంత చిన్న లెక్కను ఎంతవరకు నమ్మవచ్చన్నది ఆయనకు పట్టుకున్న ప్రశ్న. సొంత పేరుతో అచ్చువేయడానికి కంపెనీ ఒప్పుకోలేదు కాబట్టి 1908లో ‘స్టూడెంట్’ అనే పేరుతో వేశాడు. ‘స్టూడెంట్స్ టీ’ అని మీ పుస్తకంలో ఉన్నది అందుకే. విద్యార్థుల కోసం పెట్టిందని నేను చాలాకాలం అనుకున్నాను.

0.96 చూసి మురిసిపోయారా? ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. గోడ మీద ఉన్నది ఐదేళ్ళు కాదు, పదకొండేళ్ళు. భాగాహారాలు సులువుగా పోవాలని ఐదింటిని ఏరి ఇచ్చాను. వదిలేసినవాటిలో ఒక ఏడు వానలు 7, మూటలు 3. ఆ ఏడు చివరి వానలు కాయ పీకే వేళ పట్టుకున్నాయి. అప్పట్లో మా వైపు అందరూ వేసేది టి.ఎం.వి.-2 రకం. ఆ విత్తనానికి నిద్రావస్థ లేదు, పక్వానికి వచ్చాక తడి తగిలితే భూమిలోనే మొలకెత్తుతుంది. చెట్టు పీకితే కాయల్లోంచి పచ్చటి మొలకలు వేలాడుతుంటే మా అమ్మ గట్టు మీద అలాగే కూర్చుండిపోయింది.

ఆ ఒక్క ఏడు కలిపి ఆరేళ్ళకు మళ్ళీ కట్టండి. బీటా 2.1 నుంచి 1.17కు పడిపోతుంది. ఆర్ స్క్వేర్ 0.96 నుంచి 0.11కు. టీ విలువ 0.72, నాలుగు డిగ్రీలకు కావలసింది 2.776. వానకూ శెనక్కాయకూ సంబంధం ఉందని తేల్చలేకపోయామని రాయాల్సి వస్తుంది, అదీ అనంతపురంలో కూర్చుని! వాన ఎన్నిసార్లు పడిందన్నది గోడ మీద ఉంది గానీ ఎప్పుడు పడిందన్నది లేదు. అది ‘యూ’లో ఉండి ఇంత పని చేసింది. ఆ ఏడాదిని తీసి పక్కన పెట్టడం తేలిక. పెట్టకుండా, ‘కోత వేళ వాన పడిందా’ అని అవును, కాదులకు 1, 0 వేసి ఇంకో గడి చేర్చితే అది డమ్మీ వేరియబుల్. మా నాయన ఆ ఏటి గీతల పక్కన చిన్న సున్నా ఒకటి చుట్టి పెట్టాడు. అదెందుకో ఆయన పోయాక గానీ నాకు తట్టలేదు.

డిసెంబరుకు మీరు చేయాల్సింది చెప్తాను. యజమానిని అడిగి మీ ఫ్యాక్టరీ పన్నెండు నెలల కరెంటు బిల్లులు, పాలిష్ చేసిన చదరపు అడుగులు రాసుకోండి. ఇదే ఆరు గళ్ళ లెక్క చేత్తో రెండుసార్లు చేయండి. ఏ నెల గీతకు బాగా దూరంగా పడిందో చూసి, మిషన్ మీద ఉండే మనిషిని కారణం అడగండి. అసైన్‌మెంట్లు గైడు చూసి ఎక్కించకండి. ఆ మార్కులు వస్తాయి, పరీక్షలో పెన్ను మాత్రం కదలదు. గాస్-మార్కోవ్ సిద్ధాంతం (పై షరతులు నిలిస్తే ఈ తరహా అంచనాల్లో మన లెక్కే మేలైనదని చెప్పేది) నిరూపణ ఒక్కటి మాత్రం, సరే, బట్టీ పట్టండి. నాకూ అది అలాగే వచ్చింది.

లెక్కలు వదిలేసి పదిహేనేళ్ళు దాటిందని రాశారు, మనవల్ల కాదని మాత్రం అనుకోకండి. మీ పుస్తకంలో ‘క్రామర్-రావు’ అని కనబడితే ఆ రావు మన తెలుగాయన సి.ఆర్. రావు. 1920లో బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టారు. అప్పటికి బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు అన్నీ ఒకే దత్తమండలాలు, అంటే మన ఇరుగుపొరుగే. ఒక అంచనా ఎంత మెరుగ్గా కట్టినా ఒక హద్దుకు మించి కచ్చితం కాలేదని 1945లో చూపించిన వ్యాసం ఆయనది. అప్పటికి ఆయన మీకన్నా చాలా చిన్నవాడు.

ప్రశ్న: నేను కళ్యాణదుర్గంలో ఉంటూ దూరవిద్యలో ఎం.ఏ. ఎకనామిక్స్ చేస్తున్నాను. ఎకనామెట్రిక్స్ వల్ల ఉద్యోగం వస్తుందా? సూటిగా చెప్పండి.

జవాబు: ఆ పేపరు ఒక్కదానితో రాదు. కానీ అది రాకుండా కొన్ని తలుపులు తెరుచుకోవు. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షలోనూ, లెక్చరర్ కావాలంటే రాసే నెట్ ఎకనామిక్స్‌లోనూ స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ సిలబస్‌లో ఉన్నాయి. ఎకనామిక్ సర్వీస్‌కు 21 నుంచి 30 ఏళ్ళ వయసు నిబంధన, కొన్ని వర్గాలకు సడలింపు ఉన్నాయి. పీజీ పూర్తయ్యేదాకా ఆగకుండా వయసు లెక్క ఇప్పుడే వేసుకో నాయనా.

ప్రశ్న: గుంతకల్లు నుంచి ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగిని. మా మనవడు దూరవిద్య ప్రాజెక్టులో ఇరవై ఏళ్ళ బంగారం ధరకూ, మా జిల్లా ఇంజనీరింగ్ కాలేజీ సీట్లకూ రిగ్రెషన్ కట్టి ఆర్ స్క్వేర్ 0.9 వచ్చిందని ఎగురుతున్నాడు. నాకెందుకో మింగుడు పడలేదు.

జవాబు: మీకు మింగుడు పడకపోవడమే సరైన లక్షణం. కాలంతో పాటు పెరుగుతూ పోయే ఏ రెండింటిని పక్కపక్కన పెట్టినా అవి కలిసి నడుస్తున్నట్టే కనబడతాయి. మీ సర్వీసు కాలమూ, మీ మనవడి ఎత్తూ పెట్టి చూడమనండి. యూల్ అనే ఆయన 1926లోనే దీన్ని చక్కగా ఎగతాళి చేశాడు. ఇంగ్లండులో మొత్తం పెళ్ళిళ్ళలో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పద్ధతిలో జరిగినవాటి వాటాకూ, మరణాల రేటుకూ సహసంబంధం 0.95 అని కట్టి చూపించాడు. రెండూ ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చాయి, అంతే. ఇలాంటి ఉత్తుత్తి రిగ్రెషన్ల మీద 1974లో గ్రేంజర్, న్యూబోల్డ్ ఒక వ్యాసం రాశారు. ఆ గ్రేంజర్‌కు 2003లో నోబెల్ వచ్చింది. మీ మనవడిని ధరలూ సీట్లూ పక్కన పెట్టి, ఏటేటా వచ్చిన మార్పులను తీసుకుని మళ్ళీ కట్టమనండి. 0.9 ఏ మాత్రం మిగులుతుందో చూశాక ఎగరమనండి.

ప్రశ్న: హిందూపురం నుంచి రాస్తున్నాను. నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది. ప్రాక్టికల్స్‌కు ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: రూపాయి పెట్టనక్కర్లేదు. గ్రెటిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ సబ్జెక్టు కోసమే చేసింది, మెనూలు నొక్కుతూ పోతే చాలు. ఆర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. అయితే కమాండ్లు టైపు చేయాలి, మొదటి నెల విసిగిస్తుంది. అవేవీ ఎక్కకపోతే లిబ్రేఆఫీస్ క్యాల్క్ అనే ఉచిత స్ప్రెడ్‌షీట్ వేసుకోండి. అందులో స్లోప్, ఇంటర్‌సెప్ట్ అనే రెండు ఫార్ములాలు మన బీటా, ఆల్ఫాలను నేరుగా ఇస్తాయి. లినెస్ట్ అనే ఇంకో ఫార్ములా స్టాండర్డ్ ఎర్రర్లు కూడా ఇస్తుంది. వేసుకోగానే పైన తాడిపత్రి అమ్మాయికి ఇచ్చిన ఐదేళ్ళ అంకెలు ఎక్కించండి. 2.1, 0.4 రాకపోతే ఏ గడిలోనో అంకె తప్పు కొట్టారు, లేదా ఫార్ములాలో మూటల గడీ వానల గడీ తారుమారు చేశారు. స్లోప్‌కు మూటలు ముందు ఇవ్వాలి, వానలు తర్వాత. మొన్న మా మనవరాలికి నేర్పిస్తూ నేనే తారుమారు చేశాను.